గంటకొక అంగుళము

పూర్వుల యింటిపై మమకారము మరల చిగురించిన కాలమిది. పట్టణపు పొలిమేరలలో లేచుచున్న కొత్త యిండ్లలో, వాకిట రెండు నగిషీ స్తంభములును, నట్టింట నాలుగు కంబముల నడుమ ఒక మండువాయు, ఆ మండువాలోనికి వాన చినుకు రాకుండ పైన బిగించిన గాజు పలకయు, వీని నన్నింటిని మోయుచు లోలోపల సిమెంటు దిమ్మెలును ఇనుప కమ్ములును ఉండుట నేడు తరచుగ కనబడు దృశ్యము. వైశాఖమాసపు మధ్యాహ్నమున ఆ గాజు క్రింద నిలిచిన గృహస్థునకు, తాతగారి యింట తానెరిగిన చల్లదనము ఇచటికేల రాలేదో బోధపడదు. బోధపడక, గదికొక ఏసీని తగిలించును. మండువా ఆకాశమునకు తెరచి యుండుట వేడుకకై కాదు. పగలెల్ల ఇల్లు కూడబెట్టిన వేడిమి రాత్రివేళ వెడలిపోవుటకు అది దారి. దానిని మూసినవాడు పొగగొట్టమును మూసి పొయ్యి వెలిగించినవానితో సమానుడు.

పూర్వుల యింటిని గౌరవించుటయన దాని రూపమును తెచ్చుకొనుటయే యని తలచువారికి ఇట్టి నిరాశ తప్పదు. ఆ యింట మనకు దక్కదగిన సంపదలో అధికభాగము కంటికి కనబడనిది: గోడ మందము, చూరు వాలు, మట్టి ఎంపిక, సున్నము నానిన దినములు, ఏ గది ఏ దిక్కున ఉండవలెనను నిర్ణయము. వీనిలో ప్రతిదానికిని ఒక కారణము కలదు. ఆ కారణము నెరిగినవాడు రూపమును తన అవసరమునకు తగినట్లు మార్చుకొన్నను నష్టము లేదు.

మొదట చెప్పవలసినదేమనగా, తెలుగునాట ఇల్లు ఏనాడును ఒక్క తీరున ఉన్నది కాదు. కృష్ణా గోదావరీ మండలములందలి మండువా లోగిలిలో నలువైపుల కప్పులును లోపలికి వాలి వాననీటిని నడిమి వాకిటిలోనికి దించును. ఆ నీరు తూము వెంట వెలికి పోవును. రాయలసీమలోను తెలంగాణపు మెట్టసీమలోను వాన తక్కువ. అనంతపురము చుట్టుప్రక్కల ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగ మాత్రమే కురియును. కావున అచట వాలుకప్పుతో పని లేక, దూలములపై మట్టి పరచిన మిద్దె నిలిచినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరమున గుండ్రని మట్టిగోడ లేపి, దానిపై మనిషి వంగి దూరవలసినంత క్రిందికి దిగిన తాటాకు కప్పు వేసిరి, అదియే చుట్టిల్లు. అనంతపురమువాడు సముద్రతీరపు చుట్టింటిని, భీమునిపట్టణమువాడు సీమ మిద్దెను కట్టుకొనినచో ఇరువురును పూర్వులను అనుసరించినవారు కారు.

ఇక గోడ సంగతి. మట్టియనగానే అది బలహీనమనియు, గతిలేనివాడు వాడుకొనునదనియు భావించుట పరిపాటి. లెక్క చూతము. బాగుగ ఆరిన మట్టిగోడ చదరపు సెంటీమీటరునకు సుమారు 10 కిలోగ్రాముల ఒత్తిడిని ఓర్చును. మూడు మీటర్ల ఎత్తున, మూరెడు మందమున లేచిన ఒంటి అంతస్తు గోడ అడుగున, దాని బరువును మిద్దె బరువును కలుపుకొన్నను, పడు ఒత్తిడి ఒక కిలోగ్రామునకు మించదు. కావున మట్టియింటికి భారము వలన భయము లేదు. భయమంతయు నీటి వలననే. ఎండిన మట్టిని పట్టియుంచునది అందలి బంకమట్టి. మిల్లీమీటరులో అయిదువందలవ వంతునకు లోబడిన ఆ సూక్ష్మమైన రేకులు, తమ నడుమ మిగిలిన పలుచని నీటిపొరల ఆకర్షణచే ఒకదానినొకటి హత్తుకొని, ఇసుక రేణువులను బంధించును. నీరు మితిమీరినచో అవియే జారి విడిపోవును. అందుచేతనే పూర్వులు గోడ మొదట మోకాలెత్తు రాతికట్టు కట్టి నేలలోని చెమ్మ పైకి ప్రాకకుండ అడ్డుపెట్టిరి. పైన చూరును రెండు మూడడుగులు వెలికి చాచిరి. క్రింద రాయియు పైన చూరును చెడనంత కాలము నడుమనున్న మట్టి తరములు నిలుచును.

ఏ మట్టియైనను గోడకు వచ్చునా యనినచో, రాదు. నల్లరేగడిలోని బంకమట్టి మాంట్‌మొరిల్లొనైటు జాతిది. దాని రేకుల నడుమకు నీరు చొచ్చి ఉబ్బించును, ఎండ తగిలినచో అది కుంచించి నెఱ్ఱెలు వారును. ఎర్రనేలలోని బంకమట్టి అధికముగ కేయొలినైటు జాతిది. దాని రేకులు దగ్గరగ అంటియుండి నీటిని లోనికి రానీయవు. నూరుపాళ్లలో పదునైదు ఇరువది పాళ్లు బంకమట్టియు, తక్కినది ఇసుకయు ఒండ్రును ఉన్నచో గోడకు చక్కగ కుదురును. దీనిని తెలిసికొనుటకు ప్రయోగశాలకు పోనక్కరలేదు: గాజు సీసాలో మూడవ వంతు మట్టి వేసి, నీరు నింపి, చిటికెడుప్పు కలిపి, గట్టిగ కుదిపి కదలనీయక ఉంచినచో ముందు ఇసుకయు, దానిపై ఒండ్రును, మరునాటికి బంకమట్టియు పొరలుగ దిగును, ఆ పొరల మందమే జవాబు. బంక ఎక్కువైనచో ఇసుక కలుపవలెను. వరిగడ్డి ముక్కలు చేర్చి, తొక్కి, కొన్ని దినములు మాగనిచ్చు ఆచారములో గడ్డి పని యేమనగా, గోడ ఆరునపుడు పుట్టు బీటను అది ఒకచోట పెరుగనీయక అనేకమైన సన్నని చీలికలుగ పంచివేయును.

గోడ మందము విషయము ఇంతకంటె రమ్యమైనది. ఎండ గోడ వెలుపలి ముఖమును కాల్చినపుడు ఆ వేడిమి తక్షణమే లోపలికి దూకదు. ఒక పొర వేడెక్కి తరువాతి పొరకు అందించి, అది తన తరువాతి దానికి అందించి, ఇట్లు అలగా లోనికి నడచును. మట్టి వేడిని నెమ్మదిగ పంపును, తనలో చాల దాచుకొనును. ఈ రెండు గుణములను బట్టి గణించినచో, దినమునకొకసారి వచ్చిపోవు ఎండ పుట్టించిన అల ఎండిన మట్టిలో గంటకు సుమారు ఒక అంగుళము సాగును. అడుగు మందము గల పడమటి గోడను మధ్యాహ్నము మూడు గంటలకు తాకిన తీక్ష్ణత లోపలి ముఖమును చేరుసరికి అర్ధరాత్రి దాటును. అప్పటికి బయట గాలి చల్లబడియుండును. అంతేకాక ఆ అల నడచుచు నడచుచు క్షీణించును; ప్రతి నాలుగంగుళములకును దాని ఎత్తు మూడవ వంతునకు దగ్గరగ దిగును. గోడ వెలుపలి ముఖము పగటికిని రాత్రికిని నడుమ ముప్పది డిగ్రీలు మారుచున్నను, అడుగు లోతున ఆ మార్పు ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే. కిటికీలును కప్పును నిజమైన ఇంట ఈ లెక్కను కొంత చెరుపును గాని తత్త్వమిదియే. నేటి నాలుగున్నర అంగుళముల గోడలోనో, ఆ వేడి ఇంటివారు పనులనుండి తిరిగివచ్చు సాయంకాలపు వేళకే లోన పడును.

అర్ధరాత్రి గోడ లోపలికి వేడి వదలునని చెప్పితిని గదా. ఆ వేళకు పూర్వపు ఇంటివారు లోపల ఉండెడివారు కారు. అరుగులమీదను, మండువాలోను, మిద్దెమీదను మంచములు వేసికొని నిదురించెడివారు. అనగా ఇంటి చల్లదనములో ఇంటివారి దినచర్యకు సగము పాలున్నది. తలుపులు బిగించికొని గదిలో పండుకొను కుటుంబము మందపు గోడను మాత్రమే తెచ్చుకొనినచో ఫలము కొరతపడును. రాత్రి గాలి ఆడునట్లు ఎదురెదురు కిటికీలు పెట్టి తీరవలెను. మరియొక సంగతి. మే నెలలో అనంతపురమున పగటికిని రాత్రికిని పన్నెండు, పదునాలుగు డిగ్రీల అంతరముండగా, విశాఖపట్టణమున అది ఏడెనిమిది డిగ్రీలే. వేడి దాచి చలిలో వదలు గోడకు పగలు రాత్రుల భేదమే పెట్టుబడి గనుక, సీమలోని మూరెడు గోడ చేయు మేలు సముద్రపుటొడ్డున చేయదు. అచట ఒంటి చెమట నార్చు గాలియే ప్రధానము.

సూర్యుని త్రోవయు ఇట్లే లెక్కకు వచ్చునది. విజయవాడ 16½ డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. అచట సూర్యుడు మే మొదటి వారమున ఒకసారి, ఆగస్టు మొదటి వారమున మరియొకసారి సరిగ నడినెత్తికి వచ్చును. ఆ రెంటి నడుమ దినమంతయు ఉత్తరపు వైపుననే సంచరించును. కావున నడివేసవిలో దక్షిణపు గోడకు ఎండయే సోకదు. బాధించునవి కప్పును, తూర్పు పడమటి గోడలును. ఇల్లు తూర్పు పడమరలుగ పొడవై, ఆ రెండు చివరలు ఇరుకై యుండుట మేలు. పడమటింటిని సామానునకును ధాన్యమునకును విడిచిన లోగిళ్లలో ఈ లెక్క తెలిసియో తెలియకయో ఇమిడియున్నది. సాయంకాలపు ఎండ దెబ్బ మనుష్యులకు బదులు గాదెలకు తగులును. వాస్తుపండితులు దీనికి వేరు కారణములు చెప్పుదురు. ఆ చర్చ ఇచట అనవసరము.

ఇప్పుడు సున్నమునకు వత్తము. నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైన ఘట్టమిది. సున్నపురాతిని గాని, సముద్రపు గుల్లలను గాని, పొలములలో దొరకు సున్నపు కంకరను గాని బట్టీలో 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి కాల్చినచో, నూరు పాళ్ల శుద్ధమైన రాతినుండి 44 పాళ్లు బొగ్గుపులుసు వాయువై లేచిపోయి 56 పాళ్ల కాల్చిన సున్నము మిగులును. దానిపై నీరు పోసినంతనే బుసబుస పొంగి, సలసల కాగి, తడిసున్నమగును. గోడ నెక్కిన పిమ్మట ఆ తడిసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మరల గ్రహించి, నీటిని విడిచి, తాను మొదట ఏ రాయిగ నుండెనో ఆ రాయియే యగును. బట్టీలో పోగొట్టుకొన్న 44 పాళ్లను గోడమీద మెల్లమెల్లగ కూడబెట్టుకొనును. ఈ పని పైపొరనుండి లోనికి సాగుటకు ఏండ్లు పట్టును. మరియు తేమ లేనిదే సాగదు. కొత్త సున్నపు పూతను దినముల తరబడి తడుపుటలోని రహస్యమిదియే. అయితే సున్నము గాలికి ఏ హానియు చేయదని కొందరు చెప్పునది అతిశయోక్తి. బట్టీలో మండిన కట్టెల పొగ, బొగ్గుల పొగ గోడమీదికి తిరిగి రాదు. సిమెంటుతో పోల్చినచో మాత్రము తారతమ్యము కలదు. సిమెంటు గులకను 1450 డిగ్రీలకు కాల్చవలెను. టన్ను గులకకు 0.8 నుండి 0.9 టన్ను బొగ్గుపులుసు వాయువు వెలువడును.

శుద్ధమైన సున్నము గాలి తగిలిననే గట్టిపడును గనుక మందమైన గోడ గర్భమున, నీటిలోని కట్టడములలో అది పనికిరాదు. దీనికి మన తాపీపనివారు రెండు ఉపాయములు కనుగొనిరి. కంకరనుండి తీసిన సున్నములో బంకమట్టి అంశముండుటచే అది కాలినపుడు నీటిలోనే బిగియు లవణములు పుట్టును. లేదా శుద్ధమైన సున్నములో మెత్తని ఇటుకపొడి కలిపినచో, కాలిన మట్టిలోని సిలికా సున్నముతో కలిసి అదే పని చేయును. రోము నగరమువారు అగ్నిపర్వతపు బూడిదతో సాధించిన దానిని మనవారు ఇటుకపొడితో సాధించిరి. ఇక గానుగ: గుండ్రని రాతి కాలువలో సున్నమును ఇసుకను పోసి, ఎద్దులు త్రిప్పు రాతిచక్రముతో నూరుట. నలిగినకొలది గడ్డలు విరిగి, ప్రతి ఇసుక రేణువునకును సున్నపు పూత అంటును. బెల్లపు నీరు కలుపుట మూఢాచారమని నవ్వినవారున్నారు. చక్కెర నీటిలో సున్నము మామూలు నీటిలోకంటె అధికముగ కరగునని రసాయన శాస్త్రము చెప్పుచున్నది. కరక్కాయ కషాయములోని వగరు పదార్థములును మిశ్రమమును మార్చును. 1591లో లేచిన చార్మినారును ఈనాటికిని పట్టియుంచినది ఇట్టి సున్నపు గచ్చే.

పాత మట్టిగోడకు గట్టిదనము వచ్చునని సిమెంటు పూత పూయుట నేడు ఊరూర జరుగుచున్న అపచారము. మట్టిలోనికి ఏదో దారిన చేరిన చెమ్మ సున్నపు పూత గుండ ఆవిరియై పోగలదు. సిమెంటు పూత గుండ పోలేక లోలోపల నిలిచి, గోడ పాదమును మెత్తబరచును. పైకి పూత నిక్షేపముగ ఉండును, వెనుక మట్టి రాలుచుండును. మట్టిగోడకు సున్నపు పూతయో, మట్టి పూతయో తప్ప వేరొకటి పూయరాదు.

మిద్దెకు వాడు చవుడు మరియొక చిత్రము. సీమ గ్రామములలో తొలకరికి ముందు బండ్లపై చవుడు తోలి మిద్దెలపై చల్లెడివారు. పైరు పండని ఆ నేలలో సోడియము అధికము. దానివలన బంకమట్టి రేకులు నీరు తగిలినంతనే విడివిడిగ చెదరి సన్నని రంధ్రముల నన్నింటిని పూడ్చివేయును. నీరు లోనికి దిగదు. చేనిలో ఏ గుణము రైతునకు శాపమో, మిద్దెపై ఆ గుణమే కప్పును కాచును.

కాని మిద్దెను గూర్చి పొగడ్తతో ముగించుట న్యాయము కాదు. ఏటేట చల్లిన చవుడు పేరుకొని కప్పు మందము పెరుగుచుండును. అడుగు మందపు మట్టి, మూడు మీటర్ల వెడల్పు నాలుగు మీటర్ల పొడవు గల గదిపై దాదాపు ఆరు టన్నులు తూగును. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతమున భూమి కంపించినపుడు, మట్టి అడుసుతో రాళ్లు పేర్చిన గోడలు రెండు పొరలుగ విచ్చిపోయి, వానిపైనున్న బరువైన మట్టికప్పులు నిదురించువారిపై కూలి వేలకొలది జనులు మృతినొందిరి. గోడ రెండు ముఖములను కలుపు నిలువెడల్పు రాళ్లు ఆ గోడలలో లేకపోవుటయు, నాలుగు గోడలను ఒకటిగ బంధించు కట్టు లేకపోవుటయు ప్రధాన దోషములు. 2001లో కచ్ఛ భూకంపమున గుండ్రని మట్టియిండ్లు పెక్కు నిలిచినవి. మూలలు లేనిచోట గోడలు విడిపోవుటకు మొదలు దొరకదు. మన చుట్టింటికి గాలి విషయమున ఈ లాభమే కలదు: వంపు గోడను గాలి ఒరసికొని పోవును, ఏటవాలైన కప్పును పైకెత్తలేదు. అయినను 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన వంటి దానిముందు మట్టిగోడ ఎంత చక్కని ఆకృతిగలదైనను కరగిపోవును. ఉప్పెన వచ్చుచోట కాంక్రీటు కంబములపై ఇల్లు లేపుటయే పూర్వుల సంతానమును కాపాడు పద్ధతి.

మట్టితో కట్టుడని బోధించిన మహనీయులలో ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ ముఖ్యుడు. 1945 ప్రాంతమున లక్సర్ చెంత కొత్త గుర్నా గ్రామమును ఆయన ఆరంభించి, కలపదన్ను లేకయే పచ్చియిటుకలతో కమానుకప్పు లేపగల నూబియా తాపీవారిని రప్పించెను. కట్టడము మనోహరము, కాని పాత గుర్నా జనులలో పెక్కురు అచటికి రాలేదు. ప్రాచీన సమాధులమీద ఉన్న తమ పాత యూరిని, దానితోడి జీవనోపాధిని వారు విడువనొల్లరైరి. మన దేశమున లారీ బేకరు (1917–2007) తిరువనంతపురమున ఇంతకంటె వినయమైన త్రోవ తొక్కెను. ఇంటికి కావలసిన వస్తువులు అయిదు మైళ్లలోపల దొరకవలెనని గాంధీజీ తనకు చెప్పిన మాటను ఆయన చెప్పుకొనెడివాడు. ఇటుకలను అంచుమీద నిలిపి నడుమ ఖాళీ విడిచి కట్టు పద్ధతిచే నాలుగవ వంతు ఇటుక మిగులును, ఆ ఖాళీలోని గాలి వేడిని అడ్డును. కాంక్రీటు పలకలో అడుగుభాగపు కాంక్రీటు బరువు మోయుటలో ఏమియు పాల్గొనదు గనుక, అచట పాత పెంకులను పొదిగెను. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఆరంభమైన ఆస్త్ర విభాగము, మట్టిలో కొద్దిపాలు సిమెంటు చేర్చి యంత్రమున అదిమి, కాల్చనక్కరలేని దిమ్మెలు చేయు విధమును శాస్త్రీయముగ పరిశీలించినది. ఈ త్రోవలలో పాతదియు కొత్తదియు పోట్లాడుకొనలేదు.

ఇట్లు చూచినచో, నేడొక కుటుంబము కర్నూలు చెంతనో మహబూబునగరు చెంతనో ఇల్లు కట్టదలచినపుడు చేయదగినది స్పష్టముగనే కనబడును. ముందు పునాది గోతినుండి వచ్చిన మట్టిని సీసాలో పరీక్షింపవలెను. నల్లరేగడియైనచో దానిని పారవేసి పునాదిలో ఇసుకయు మొరమును నింపవలెను. సున్నమును మొదటి రాయి పడకమునుపే గుంటలో నానవేయవలెను, నెలకు తక్కువైనచో లోపలి పచ్చిగడ్డలు పూతలో పొంగి రాలును. రాతికట్టుపై అదిమిన మట్టి దిమ్మెల గోడ, దాని తలపై నాలుగు దిక్కులను చుట్టివచ్చు సన్నని కాంక్రీటు పట్టీ, దానిపై పెంకులు పొదిగిన పలకయో పెంకుటికప్పో. పడమట సామానుగది, నడుమ నిజముగ తెరచిన మండువా. దోమలకు వల సరిపోవును, గాజు వలదు. కాంక్రీటు పట్టీని చూచి సంప్రదాయము చెడినదనువారికి కిల్లారి పేరు చెప్పిన చాలును.

పాత యింటినుండి తెచ్చుకొనరానివియు కొన్ని కలవు. ఆ యింటి పటములో ఎవరు అరుగెక్కవచ్చునో, ఎవరు దొడ్డిదారిన రావలెనో కూడ గీయబడియుండెను. మట్టినేల అలుకుటకు పేడ ఎత్తి, నీరు మోసి, వారము వారము నడుము వంచినవారు ఆడువారు. మట్టియింటి ఖర్చు తక్కువయని లెక్క వేసిన పెద్దలు ఆ శ్రమకు విలువ కట్టలేదు. మట్టియిల్లు మరమ్మతు కోరును, ఇది దాచదగిన సంగతి కాదు: చూరు క్రింద రాలిన పూతను వానకు ముందు సరిచేయవలెను, ఏడాదికొకమారు పండుగకు సున్నము కొట్టవలెను, జారిన పెంకును ఆ వారముననే సర్దవలెను. కనుక గృహస్థు నేలకు తాండూరు బండయో బేతంచెర్ల బండయో పరచి, గోడ అడుగున జానెడెత్తు వరకు అదే బండ నిలిపి, కప్పెక్కుటకు స్థిరమైన మెట్లు కట్టి, ఏడాది పనులను ఇంటిలోని ఆడ మగలకు పంచిన పిమ్మటనే మేస్త్రీకి బయానా ఇయ్యవలెను.